గిల్లి రాసిన వయసు

"గిల్లేది యాడంట?" హనుమంతమ్మ సుత్తి దించకుండానే అడిగింది.

"చెయ్యి మీదలేమ్మే. నీకంత ఆశ పనికిరాదు" అనింది వెనక వరసలోంచి ఎవరో.

నవ్వేదానికి కూడా నోట్లో కాస్త తడి ఉండాల. ఆ నవ్వు రెండు వరసలు పాకి, మూడో వరసకు చేరకముందే ఎండిపోయింది. ఉరుకుందమ్మ నవ్వలేదు. ఎడమకాలి వేళ్ల నడుమ రాయిని ఇరికించి, గుడ్డపేలిక చుట్టిన చేత్తో సుత్తి ఎత్తి, కొట్టి, పగిలిన పెచ్చును పక్కకు తోసి, మళ్లీ రాయి అందుకునింది. సాయంత్రానికి కుప్ప మోకాలెత్తు లేవకపోతే కొలిచేటప్పుడు జొన్నలు శేరు అడుగునే నిలిచిపోతాయి.

నల్లచెలిమల నుంచి పత్తికొండ దావ దాకా రోడ్డు వేసే కరువు పని అది. వాన మొగం చూసి మూడేండ్లయింది. పని చేసినవాళ్లకు జొన్నలు. చేతకాని ముసలివాళ్లకు ఊరి బయట గంజి కేంద్రంలో రోజుకొక ముంత గంజి. ఆ గంజి ఇంటికి తెచ్చుకునేదానికి లేదు, ఎవరి గంజి వాళ్లే పోయి అక్కడే తాగాల. పోయిన నెల ఇద్దరు ముసలివాళ్లు వడదెబ్బకు కంకర కుప్పల మీదనే ఒరిగిపోయినారు. దాంతో పైనుంచి కాగితం వచ్చింది, అరవై దాటినవాళ్లను పనిలో పెట్టకూడదని.

ఎవరికి అరవై దాటిందో చెప్పేదెవరు? ఆ ఊళ్లో పుట్టిన తేదీ రాసిపెట్టుకున్నవాడు కరణం ఒక్కడే. మిగతావాళ్లంతా కరువులతో, కలరాలతో, ఎద్దు చచ్చిన ఏండ్లతో వయసు లెక్కపెట్టుకునేవాళ్లు. వేరే ఊళ్లలో మొగం చూసి రాయమంటే మేస్త్రీలు తమకు కావాల్సినోళ్లను పడుచోళ్లను చేసి, గిట్టనోళ్లను ముసలోళ్లను చేసినారని అర్జీలు పోయినాయంట. అందుకని ఆ కాగితంలోనే ఒక ఉపాయం కూడా దిగింది. అరచేతి వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తి వదలాల. గడియారం ముల్లు చూస్తా లెక్కపెట్టాల. మూడు లోపల చర్మం అణిగితే పని, మూడు దాటితే గంజి. మొగం చూడకూడదు. మాట వినకూడదు.

కాంపౌండరు గాబ్రియేలు జమ్మలమడుగు తట్టు మనిషి. యాభైకి అటో ఇటో ఉంటాడు. మేస్త్రి సుంకప్ప వేయించిన గోనెపట్ట నీడలో, తలకిందులుగా బోర్లించిన గంప మీద కూర్చున్నాడు. మామూలు రోజుల్లో ఆయన చెయ్యి తగిలితే తలకు పోసుకునే ఇండ్ల ఆడవాళ్లు కూడా ఆ పొద్దు మాట్లాడకుండా వరసలో నిలబడి చెయ్యి చాపినారు. కరువు కొన్ని మడులను అట్లా కూడా తడిపింది.

ఉరుకుందమ్మ వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. చెలిమ నుంచి నీళ్ల కడవలు ఇంకా రాలేదు. తెల్లవారుజామున తాగిన గుక్కెడు నీళ్లు ఎప్పుడో చెమటైపోయినాయి.

"పేరు?"

"ఉరుకుందమ్మ."

"వయసెంతనో తెలుసునా?"

"తోకచుక్క పొడిచిన ఏడు పుట్టినానయ్యా. మా అమ్మ వాకిట్లో నొప్పులు పడతాంటే ఆకాశంలో ఇంత పొడుగున చీపురుకట్ట మాదిరి ఉండిందంట."

గాబ్రియేలు తలెత్తినాడు. "ఆ చుక్కను నేనూ చూసినా. మా నాయన భుజాల మీదెక్కి" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి తెలియకుండా జారింది. వెంటనే ఆమె చెయ్యి పట్టుకుని చర్మం పైకి లాగి వదిలినాడు.

అది అణగలేదు. రోలు పక్కన ముడిచి పెట్టిన గుడ్డ మాదిరి అట్లనే నిలబడింది. ఉరుకుందమ్మ తన చెయ్యిని తానే ఎవరిదో చూసినట్టు చూసింది. రాతిదుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగిన ఆ చర్మంలో చిన్న గోడ ఒకటి లేచింది. ఒకటి. రెండు. మూడు. అణుగు, అణుగు అని లోపల ఒకటే మొక్కుకునింది. నాలుగు. అయిదు దాటినాక మెల్లగా వాలింది.

"అరవై రెండు" అన్నాడు గాబ్రియేలు.

"యాడి అరవై రెండప్పా! తోకచుక్క నువ్వూ చూస్తివి కదా? లెక్కెయ్యి. నలభై రెండన్నా నిండినాయో లేదో."

"నేనెయ్యకూడదమ్మా ఆ లెక్క" అంటూ ఆయన రాసేసినాడు.

సుంకప్ప చెయ్యి చాపినాడు. ఉరుకుందమ్మ చీరకొంగు ముడి విప్పి పని బిల్ల తీసి ఇచ్చింది. నంబరు కొట్టిన రేకుముక్క అది. ముడి విప్పేదానికి శానాసేపు పట్టింది. చెమటకు నాని బిగుసుకుపోయింది మరి.

"పోమ్మే, కూసోని గంజి తాగే రాత నీది" అన్నాడు సుంకప్ప. "మాకు లేదు ఆ రాత."

* * *

ఇంట్లో ఉండేది ఇద్దరే. మొగుడు శేషన్న ఉన్న రెండు ఎద్దులను బతికించుకునేదానికి నల్లమలకు తోలుకుపోయి నాలుగు నెలలైంది. అత్త ఈరక్కకు డెబ్బై దగ్గర. మోకాళ్లు పట్టుకుపోయి, వాకిలి దాటేది తక్కువ.

"గంజి నా ఒక్కదానికే పోస్తారు. నీకు నేను యాడ తెచ్చేది?" అని ఉరుకుందమ్మ గోడకానుకుంది.

"నా పేరూ రాయించు. నన్ను జూసి ముసలిది కాదనేటోడు యాడన్నా పుట్టినాడా?" అనింది ఈరక్క.

పుట్టినాడు. మరుసటి పొద్దు గాబ్రియేలు, సుంకప్ప ఇల్లిల్లూ తిరుగుతా వచ్చినారు. ఈరక్క తలనిండా కొంగు కప్పుకుని గడపలో కూర్చుని చెయ్యి చాపింది. గాబ్రియేలు రెండు వేళ్లతో పట్టబోయినాడు. పట్టు దొరకలేదు. నున్నగా, నిగనిగలాడతా, నూనె రాసిన కుండ మాదిరి ఉంది ఆ చెయ్యి. ఎట్లనో కొంచెం పట్టి ఎత్తితే, వదలకముందే జారి అణిగిపోయింది. ఒకటి అనేదానికి కూడా తావు లేదు.

గాబ్రియేలు ఆ చేతిని కాసేపు అట్లనే పట్టుకున్నాడు. ఏదో అనబోయినాడు. సుంకప్ప పగలబడి నవ్వినాడు.

"వారెవ్వా, ఈరక్కా! కోడలి కంటే పడుచుదానివి నువ్వే కదమ్మే! రేపు బిల్ల తీసుకుని పనికి రా."

"ఏమప్పా, ఆటలా? పండ్లన్నీ ఊడినాయి, సూడు" అని ఈరక్క నోరు తెరిచింది.

"పండ్లు మా కాగితంలో లేవు" అన్నాడు సుంకప్ప. గాబ్రియేలు తలొంచుకుని నలభై అని రాసినాడు. పొద్దున్నుంచి చూసిన చేతుల్లో అది తొంభయ్యోదో, నూరోదో. సుంకప్ప బిల్లను గడప మీద పెట్టినాడు. వాళ్లు పక్కింటి వాకిట్లోకి పోయినారు.

అత్తాకోడండ్లు చెరొక పక్క, నడుమ బిల్ల. ఈరక్క దాన్ని కోడలి వైపు తోసింది.

"నా పేరు జెప్పి నువ్వు పనికి పో. నీ పేరు జెప్పి నేను గంజికి పోతా. మెల్లగా కర్ర పట్టుకోని పోతాలే."

"నీ పేరు నేనా? నా నోట యెట్లొస్తాది అత్తా?"

కాపురానికి వచ్చి ఇరవై అయిదేండ్లయినా ఆ ఇంట్లో కోడలు అత్త పేరు పలికింది లేదు. సంతలో ఇంకెవరో ఈరక్కను పిలవాల్సి వచ్చినా 'మా అత్త పేరామె' అనేది.

"ఆకలైతే వస్తాది" అనింది ఈరక్క.

* * *

సుంకప్ప హాజరు పిలుస్తాండాడు. "హనుమంతమ్మా." "ఉండా." "మహాదేవమ్మా." "ఉండానప్పా." "ఈరక్కా."

ఉరుకుందమ్మ నోరు తెరిచింది.

"ఈరక్కా!"

వరస వెనక బిల్ల లేనివాళ్లు పదిమంది కాచుకోని ఉన్నారు, ఎవరు పలకకపోతారా, ఆ తావులో దూరుదామా అని. వాళ్లలో ఒకడు అప్పుడే ఒక అడుగు ముందుకేసినాడు.

"ఈరక్క... ఉండాది" అనింది ఉరుకుందమ్మ. 'ఉండా' అనాల్సింది, 'ఉండాది' అని వచ్చింది.

అందరూ తిరిగి చూసినారు. సుంకప్ప పట్టీ మీంచి కండ్లెత్తి పైనుంచి కిందికి చూసినాడు. ఇరవై అయిదేండ్లుగా ఎరిగిన మొగమే. "సరే, ఉంటే సుత్తి పట్టమను" అన్నాడు. ఆమె నీళ్లు తాగేదానికి దగ్గరికొచ్చినప్పుడు మెల్లగా చెప్పినాడు. "నాకు కావాల్సింది కంకర. కొట్టేది అత్త అయితేనేమి, కోడలైతేనేమి. కానీ పెద్దోళ్లు ఎవరన్నా వస్తే నాకేమీ తెలీదు."

ఆ సాయంత్రం కొంగులో జొన్నలు మూటగట్టుకుని ఇంటికొచ్చి, విసిరి, సంగటి కెలికింది. గంజికి పోయినావా అంటే పోయినాననింది అత్త. ఎట్లుంది అంటే, "పలచగుండాది గానీ ముంత నిండుగా పోసినారు. కడుపు దిమ్ముగా ఉండాది. నాకొక కబళం పెట్టు చాలు, నువ్వు తిను. రాళ్లు కొట్టేదానివి" అనింది.

ఉరుకుందమ్మ తినింది. చాలా నాళ్లకు కడుపు నిండా తినింది. తిన్నచోటనే నిద్రపోయింది.

రెండో నాడూ అంతే, మూడో నాడూ అంతే. పేరుకు అలవాటు పడింది. ఈరక్కా అంటే ఉండా అని చప్పున పలుకుతాంది. వరసలో ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏమత్తా, కోడలు బాగుండాదా?" అని హనుమంతమ్మ పలకరించేది. ఉరుకుందమ్మ కూడా మొండికేసి, "దానికేమి, గంజి తాగి నున్నగయితాంది" అని జవాబిచ్చేది. నిజంగానే ఈరక్క మొగం రోజురోజుకూ నిండుగా అవుతాంది. కండ్ల కింద గుంటలు పూడిపోయినాయి. చెంపలు సాఫుగా అయినాయి. దీపం పెట్టేటప్పుడు ఆ మొగం చూసి, గంజి మంచిదే అనుకునింది కోడలు.

* * *

నాలుగో నాడు మధ్యాన్నం నీళ్ల కడవ కాడ హనుమంతమ్మ ఆమె రెక్క పట్టుకుని పక్కకు లాగింది. ఆ మనిషి మొగంలో ఎకసెక్కం లేదు.

"మే, మా నాయన గంజికి పోతాండాడు కదా. ఉరుకుందమ్మా, ఉరుకుందమ్మా అని రోజూ పిలుస్తాండారంట. పలికేవాళ్లు లేరంట. మీ అత్త యాడికి పోతాంది?"

"మొన్న పోయింది, నిన్న పోయింది" అనింది ఉరుకుందమ్మ. అని, ఆగింది.

ఇంటికి పరిగెత్తాలని కాలు లేచింది. కానీ జొన్నలు కొలిచేది సాయంత్రం. నడుమ లేచిపోతే పొద్దున్నుంచి కొట్టిన కుప్ప ఇంకొకరిది. మళ్లీ కూర్చుంది. ఆ మధ్యాన్నం నుంచి పొద్దుగూకే దాకా ఎన్ని రాళ్లు కొట్టిందో, ఎన్నిసార్లు బొటనవేలు చితక్కొట్టుకుందో ఆమెకు తెలీదు.

ఈరక్క ఇంట్లో గోడ వారగా పడుకోనుంది. పక్కన చింతగింజల తొక్కు, ఒక సట్టిలో ఉప్పునీళ్లు.

"గంజి తాగితివా అత్తా?"

"తాగితి."

"ఈ పొద్దు దాంట్లో ఏమేసినారు?"

ఉరుకుందమ్మ సట్టిని ఒక తన్ను తన్నింది. అది దొర్లుకుంటా పోయి గడపకు తగిలి ఆగింది.

"తొలినాడు పోయినా" అనింది ముసలామె, పైకప్పు చూస్తా. "ఆడ వాకిట్లో ఒగడు నిలబడి మళ్లీ గిల్లుతాండాడు, పడుచోళ్లు దొంగతనంగా తాగుతారని. నా చెయ్యి గిల్లి, నువ్వు పనికి పోయే దానివి, ముసలోళ్ల నోట్లో మన్ను కొట్టేదానికి వస్తివా, పో అన్నాడు. వరసలో అందరి ముందరా అన్నాడు. తిరుక్కోని వచ్చినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీది సగం నాకు పెడతావు. సగం తిని రాయి కొట్టేది అయితుందా? నువ్వు పడితే ఇద్దరమూ పడతాము. నేను పడితే ఒగదాన్నే."

తిట్టాలనుకునింది ఉరుకుందమ్మ. తిట్లు చాలా వచ్చు ఆమెకు. ఒక్కటీ రాలేదు. అత్త కాళ్ల దగ్గర కూలబడి, ఏం చేయాలో తోచక కాలు పట్టుకుని గట్టిగా నొక్కింది. బొటనవేలు మెత్తటి పిండిలో దిగినట్టు లోపలికి దిగింది. చెయ్యి తీసింది. గుంట అట్లనే ఉంది. దీపం దగ్గరికి జరిపి చూసింది. వేలి గీతలతో సహా గుంట అట్లనే ఉంది. ఇంకోచోట నొక్కింది. ఇంకొక గుంట పడింది.

నిండుగా కనిపించిన ఆ మొగాన్ని అప్పుడు చూసింది. కండ కాదు. కడుపు మాడి ఒంట్లోకి దిగిన నీళ్లు. నాలుగు రోజులు ఆ నీళ్లను చూసి తాను మురిసిపోయింది.

* * *

గాబ్రియేలు బడి వసారాలో బస. తెల్లవారి వేపపుల్ల నములుతా ఉండగా ఉరుకుందమ్మ పోయి ఎదురుగా నిలబడింది. జరిగిందంతా చెప్పింది, పేర్లు మార్చుకున్న సంగతితో సహా. దాచేదానికి ఇంకేమీ మిగల్లేదు.

"అది వాపు. నాకు తెలుసు" అన్నాడు ఆయన. "ఆ పొద్దు చెయ్యి పట్టుకున్నప్పుడే తెలిసింది. కాగితంలో దానికి గడి లేదమ్మా. అరవై లోపల, అరవై పైన. అంతే."

"గడి లేకుంటే నోరు కూడా లేదా నీకు?"

గాబ్రియేలు పుల్లను నోట్లోంచి తీసి పక్కకు విసిరినాడు. ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఇంకా వారం పైన, వచ్చే శుక్రవారం మళ్లీ చూడొచ్చునని రాసినారు, అభ్యంతరాలు ఉన్నవాళ్లను" అన్నాడు. "ఇప్పుడు ఆమెను తెస్తే నా వేళ్లకు మళ్లీ నలభయ్యే వస్తాది. ఉప్పు మాన్పించు. ఉలవలు ఉడకబెట్టి గింజలతోటే తినిపియ్యి. రెండు పూటలా, నీ కండ్ల ముందర. ఆ నీళ్లు దిగిపోతాయి. దిగితే చర్మం వదులైతాది. అప్పుడు తీసుకోని రా, ఎవరు కాదన్నా గంజికి రాస్తా. నువ్వు మాత్రం ఎండెక్కినాక రావద్దు. పొద్దున్నే, కడుపు నిండా నీళ్లు తాగి రా. ఆనాడు నీ చర్మం ముసలిది కాదు. దప్పిగొనింది."

ఉరుకుందమ్మ ఆ మాటను నమిలింది. "అంటే, మా అత్త బాగుపడితే ముసలిదైతాది?"

"అవును."

"నేను నీళ్లు తాగితే పడుచుదాన్నయితా?"

"అవునమ్మా" అన్నాడు గాబ్రియేలు. ఎవరూ నవ్వలేదు.

ఉలవలు సుంకప్ప ఇంట్లో తప్ప ఊళ్లో లేవు. జొన్నలు ఇచ్చి మార్చుకునేదానికి పోతే, "ఎద్దులకు పెట్టేవి అత్తకు పెడతావా?" అన్నాడు ఆయన.

"ఎద్దు మాదిరే చాకిరి చేసిందిలే. కొలువు" అనింది.

ఈరక్క తినననింది. మొదటిపూట ముద్ద నోట్లో పెట్టుకుని కోడలు తిరుక్కోగానే కొంగులో దాచింది. ఉరుకుందమ్మ చూసింది. మరునాడు తెల్లవారుజామున అత్తను వీపున వేసుకుని పనికాడికి మోసుకుపోయింది. బండి నీడలో కూర్చోబెట్టి, ఉలవల గిన్నె ముందర పెట్టి, సుత్తిని ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"నువ్వు నమిలి మింగేదాకా నేను రాయి ముట్టను."

"కుప్ప తక్కువైతాదే."

"కానీ."

పండ్లు లేని ఈరక్క ఉలవలను చిగుళ్ల నడుమ నలుపుతా, కోడలి మొగం చూడకుండా, ఒక్కొక్క గింజా మింగింది. ఆ పూట నుంచి రోజూ ఉరుకుందమ్మ కుప్ప జానెడు తక్కువ. జొన్నలూ గుప్పెడు తక్కువ. సుంకప్ప రెండుసార్లు అరిచి ఊరుకున్నాడు. అయిదో నాటికి ముసలామె రేయింబవళ్లు ఉచ్చ పోసుకునింది, పోసుకునింది, ఒంట్లో చెరువు తెగినట్టు. ప్రతిసారీ ఎత్తి కూర్చోబెట్టి, చీర మార్చి, మళ్లీ పడుకోబెట్టేసరికి ఉరుకుందమ్మకు నడుము విరిగేది. నిద్రలో కూడా చేతులు సుత్తి పట్టుకున్నట్టే ముడుచుకోనుండేవి.

* * *

శుక్రవారం పొద్దు పొడవకముందే బడి వసారా ముందర వరస లేచింది. ఉరుకుందమ్మ చెలిమ నీళ్లు నాలుగు చెంబులు తాగి వచ్చింది. అడుగేస్తే కడుపులో కడవ మాదిరి తొణుకుతాంది. వీపున ఈరక్క. తొలిసారి పనికాడికి మోసినంత బరువు లేదు ఇప్పుడు.

ముందు కోడలి చెయ్యే చూసినాడు గాబ్రియేలు. ఒకటి. రెండు. మూడు అనే మాట సగం నోట్లో ఉండగా చర్మం అణిగింది.

"యాభై అయిదు. పని" అని రాసినాడు.

నలభై రెండేండ్ల మనిషి యాభై అయిదు రాయించుకుని, మారు మాట్లాడకుండా తన పేరుతో బిల్ల తీసుకుని కొంగున ముడేసుకునింది.

"అత్తా, చెయ్యి పెట్టు."

ఈరక్క చాపిన చెయ్యి ఎముక మీద వదులు గుడ్డ వేలాడదీసినట్టు ఉంది. గాబ్రియేలు రెండు వేళ్లతో ఎత్తి వదిలినాడు. గడియారం చూసినాడు. లెక్క పెదవుల మీదనే సాగింది, ఆరు, ఏడు, ఎనిమిది. ఆ మడత అట్లనే నిలబడి ఉంది. ఆయన దాన్ని వేలితో తానే మెల్లగా సవరించి, కలం తీసుకున్నాడు.

"డెబ్బై. గంజి."

వరసలో వెనకున్న హనుమంతమ్మ ముందుకు వంగి ఈరక్కను చూసింది. గుంటలు పడిన కండ్లు, లోపలికి పోయిన చెంపలు, మెడ కింద వేలాడే చర్మం. రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకునింది.

"అయ్యో తల్లీ! మొన్న నిగనిగలాడతాండె. ఇంతలోకే ఎంత ముడతలు పడిపాయెనమ్మా!"

"థూ!" అని ఉరుకుందమ్మ గిర్రున తిరిగి పక్కకు ఉమ్మింది. "దిష్టి పెట్టొద్దు పోవే!"

అని కొంగు లాగి అత్త చెయ్యి ముడతలు ఎవరి కంటా పడకుండా కప్పి, ఆమెను మళ్లీ వీపున వేసుకుని గంజి కేంద్రం దావ పట్టింది.